మామిడి పూతవేళ పురుగులు, నల్లులు: తొలికాలపు జాగ్రత్తలు



మామిడికొమ్మలు మొగ్గతొడుగు వేళ సమీపించుచున్నది. చేవెళ్ళ, మొయినాబాదు ప్రాంతములయందు కూరగాయలును పూలతోటలును ఎంత పెరిగినను, మామిడితోటగల కుటుంబమునకు ఆ పూతయే సంవత్సరపు ఆశ. బిడ్డ పెండ్లియైనను, బోరుబావికై తెచ్చిన అప్పైనను, పిల్లల చదువునకు కట్టవలసిన రుసుమైనను, చెట్టు వంక చూచియే మనము లెక్కలు వేసికొందుము. గుత్తదారుడును పూతను చూచియే ధర చెప్పును. అట్టి పూత నెలదినములలో నల్లబడి రాలిపోయినచో, ఆ యేటి లెక్కలన్నియు తలక్రిందులగును. కావున ఈ మాసపు పాఠమును పూతవేళ పురుగులకు కేటాయించితిమి.

ఆపిలుతోటలవారు నేర్పిన పాఠము

ఈ సంగతిలో మనకంటె ముందుగా దెబ్బతిని ముందుగా నేర్చుకొన్నవారు ఆపిలుతోటల రైతులు. మన తెలంగాణములోనే కుమురం భీం ఆసిఫాబాదు జిల్లా కెరమెరి మండలములో ఆపిలు కాసినదని 2020 లో విని, అనేకులు ఆశ్చర్యపడిరి. మన ప్రాంతపు ఎండకు ఆ పంట తగునో తగదో యను చర్చ యటుంచి, ఆ తోటలవారి అనుభవము మాత్రము మనకు తగును.

కాశ్మీరము, హిమాచలప్రదేశములయందు చలికాలపు నిద్రనుండి ఆపిలుచెట్టు మేల్కొని మొగ్గ పచ్చబడు సమయమున, తోటలకై సిద్ధపఱచిన ఖనిజతైలమును నీటిలో కలిపి చల్లుదురు. కొమ్మ బెరడుపై దాగిన పొలుసు పురుగులును, ఎఱ్ఱనల్లి గ్రుడ్లును ఆ నూనెపొరక్రింద గాలియాడక చచ్చును. పురుగు సంతతి పెరుగకముందే, పూవు విచ్చకముందే, తేనెటీగ తోటకు రాకముందే పని ముగియును. ఇది మొదటి పాఠము: శత్రువు కొద్దిగా ఉన్నప్పుడే, ఒకచోట దాగియున్నప్పుడే పట్టవలెను.

రెండవ పాఠము కష్టముతో వచ్చినది. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిదప ఆపిలుతోటలలో డి.డి.టి. విరివిగా చల్లిరి. కాయతొలుచు పురుగు తగ్గెను. కాని ఎఱ్ఱనల్లి అంతకుముందెన్నడు లేనంతగా విజృంభించెను. ఏలయన, ఆ మందు నల్లిని చంపలేదు; నల్లిని తినెడి అక్షింతల పురుగులను, తదితర మిత్రజీవులను చంపెను. కెనడా దేశపు నోవాస్కోషియాలో పికెట్ అను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును ఈ విషయమును తోటలలోనే పరిశీలించి, మిత్రపురుగులను కాపాడుకొనుచు అవసరమైనంత మేరకే మందు వాడు పద్ధతిని ఏర్పఱచిరి. మన మామిడికిని, గులాబికిని ఈ రెండు పాఠములును అక్షరాల వర్తించును.

తేనెమంచు పురుగు

మన మామిడి పూతకు మొదటి శత్రువు తేనెమంచు పురుగు. దీని పేరులోనే ఒక పొరపాటు దాగియున్నది. “మంచు పడి పూత మాడినది” అని మనలో పెద్దలు చెప్పుట వాడుక. తెల్లవారుజామున ఆకులపై జిగటగా మెఱయునది ఆకాశమునుండి పడిన మంచు కాదు. అది ఈ పురుగు చెట్టురసమును పీల్చి విసర్జించిన తియ్యని ద్రవము. దానిపై నల్లని బూజు పెరుగుటనే మనము మసితెగులందుము. మసి క్రమ్మిన ఆకు ఎండను గ్రహింపజాలదు; ఆహారమును వండజాలదు. అయితే మంచుకు ఇందులో భాగమే లేదని కాదు. మబ్బును, పొగమంచును, తోటలోని చెమ్మయు ఈ పురుగునకు అనుకూలములు. బూడిద తెగులునకును అనుకూలములే.

ఈ పురుగు గోధుమగింజకంటె చిన్నది. తల వెడల్పుగాను తోక సన్నగాను మేకువలె నుండును. కొమ్మను కదల్చినచో ప్రక్కకు ఎగిరి దుముకును. విపరీతముగా నున్న తోటలో నడచునప్పుడు ఆకులపై చినుకులు పడినట్లు టపటప ధ్వని వినవచ్చును. పూత లేని కాలమున బెరడు పగుళ్ళలో దాగి కాలక్షేపము చేయును. మొగ్గ కదలగానే వెలుపలికి వచ్చి, పూమొగ్గలలోను, పూగుత్తి కాడలలోను, లేత ఆకుల ఈనెలలోను గ్రుడ్లు పెట్టును. వారమునకు అటునిటుగా అవి పొదుగును. పిల్లలు సుమారు రెండువారములలో పెద్దవగును. అనగా ఒక్క పూతకాలములోనే రెండు మూడు తరములు పుట్టగలవు. పది పురుగులు నూరగుటకు, నూరు వేలగుటకు ఎన్నో దినములు పట్టవు.

గ్రుడ్లు కాడ లోపల నుండుటచే పైపై చల్లిన మందు వానికి తగులదు. “నిన్న చల్లితిమి, వారమునకే మఱల వచ్చినవి, మందు కల్తీ” అని మనము అనుకొను సందర్భములలో కొన్నిట నిజముగా కల్తీ యుండవచ్చును గాని, పెక్కింట జరుగునది ఇదియే.

పూతకు పూర్వము చేయవలసినవి

ఈ పురుగు నీడను, చెమ్మను, దగ్గఱ దగ్గఱ చెట్లను కోరును. కావున దీని మందు మొదట గొడ్డలిలోను, రంపములోను ఉన్నది. కాయకోత ముగిసిన పిదప జ్యేష్ఠ ఆషాఢములలో ఎండుకొమ్మలను, ఒకదానినొకటి రాచుకొను కొమ్మలను, చెట్టు నడుమ గుబురుగా పెరిగిన రెమ్మలను తీసివేయవలెను. మధ్యాహ్నవేళ చెట్టుక్రింద నిలిచి పైకి చూచినప్పుడు అక్కడక్కడ ఆకాశము కనబడవలెను. అట్లు కనబడనిచో ఆ చెట్టు పురుగునకు ఇల్లు కట్టియిచ్చినట్లే.

పూతకు ముందు రెండు మూడు నెలలు కాపు చెట్లకు నీరు పెట్టరాదు. నత్రజని ఎఱువు వేయరాదు. వేసినచో పూతకు బదులు లేత చిగురు వచ్చి, ఆ చిగురే పురుగునకు విందగును. కలుపును తీసి, చెట్టు మొదలు శుభ్రపఱచి, మార్గశిరమునాటికి బెరడు పగుళ్ళను పరిశీలింపవలెను. పురుగులు దాగియున్నచో ఆ దశలోనే మొద్దుపైన, పెద్దకొమ్మలపైన వేపనూనె ద్రావణమును తడియునట్లు చల్లవలెను. ఆపిలువారు నూనె చల్లినట్లే మన కీ సమయము అనుకూలము.

పిండినల్లి ఉత్తరదేశపు తోటలలో అధికముగా బాధించును. అయినను మన తోటలలో కనబడినచోట అశ్రద్ధ చేయరాదు. దానిలో ఒక జాతి చెట్టు మొదట మట్టిలో గ్రుడ్లు పెట్టును. పిల్లలు చలికాలమున మొద్దు వెంబడి పైకి ప్రాకును. మొదలు చుట్టును మట్టిని గీకి ఎండ తగులనిచ్చి, నేలకు అడుగెత్తున జానెడు వెడల్పుగల దళసరి ప్లాస్టిక్ పట్టీని మొద్దునకు బిగించి కట్టి, అంచులయందు గ్రీజు పూసినచో అవి పైకి పోలేవు. చీమలు కూడ ఆగును. పిండినల్లి విసర్జించు తీపికై చీమలు దానికి కావలి కాయును, శత్రువులను తఱుమును; కావున చీమను ఆపుటయు ఒక చికిత్సయే.

లెక్క చూచి మందు

పూగుత్తి వ్రేలెడు పొడవు సాగినప్పటినుండి వారమునకు రెండు మారులు తోటను లెక్కించవలెను. తోటకు అడ్డముగా నడచుచు పది చెట్లను ఎన్నుకొని, ఒక్కొక్క చెట్టునకు నాలుగు దిక్కుల నాలుగు పూగుత్తులు చొప్పున నలువది గుత్తులను చూడవలెను. చలి యుండగనే ప్రాతఃకాలమున చూచుట మేలు. అప్పుడు పురుగులు మందముగా నుండి ఎగురవు. మొత్తమును నలువదిచే భాగించి ఒక పుస్తకములో తేదీతో వ్రాసికొనవలెను. గుత్తికి ఒకటి రెండున్నచో వేపమందు చాలును. అయిదింటికి మించినచో రసాయనమందు అవసరమగును. ఏమియు లేనిచో ఖర్చును లేదు. పొరుగువాడు చల్లెనని మనమును చల్లుట వ్యవసాయము కాదు.

వేపగింజల కషాయమును ఇంటనే తయారుచేసికొనవచ్చును. అయిదు కిలోల వేపపప్పు పొడిని గుడ్డలో మూటకట్టి, పది లీటర్ల నీటిలో రాత్రియంతయు నానవేసి, ఉదయమున బాగుగా పిండి వడగట్టి, నూరు లీటర్లకు నీరు చేర్చి, నూరు గ్రాముల సబ్బు పొడిని కలిపి సాయంకాలము చల్లవలెను. గింజలు రాలెడి వేసవి చివరనే ఏరి నీడలో ఎండబెట్టి నిలువచేయవలెను. కొనదలచినవారు 1500 పి.పి.యం. వేపనూనెను లీటరునకు 5 మి.లీ. చొప్పున వాడవచ్చును.

రసాయనమందు తప్పనిచో మొదటి చల్లకము మొగ్గలు విచ్చకముందే ముగియవలెను. బుప్రోఫెజిన్ పిల్లపురుగులను కుబుసము విడువనీయక చంపును. తేనెటీగలకు హాని తక్కువ. ఇమిడాక్లోప్రిడ్ లీటరునకు 0.3 మి.లీ. చొప్పున పనిచేయును గాని, అది చెట్టురసములో కలిసి పూవులోనికిని చేరగలదు. కావున దానిని పూవు విచ్చుటకు చాల ముందే గాని, పిందె కట్టిన పిదప గాని వాడవలెను. రెండవ చల్లకము పిందె బఠాణీగింజంత అయినప్పుడు, లెక్కలో అవసరము కనబడినచో మాత్రమే. ఒకే జాతి మందును మఱల మఱల చల్లరాదు. చావక మిగిలిన పురుగులే పిల్లలను కనును; ఆ మందునకు తట్టుకొను శక్తి వానితోపాటు పెరుగును.

బూడిద తెగులునకు నీటిలో కరగు గంధకము లీటరునకు 3 గ్రాములు మంచిది. అది నల్లిని కూడ కొంత అణచును. కాని తీవ్రమైన ఎండలో దానిని చల్లరాదు. నూనెమందుతో కలుపరాదు, నూనె చల్లిన రెండు మూడు వారములలోపల వాడరాదు. ఆకులు మాడును.

మసి క్రమ్మిన ఆకులకు గంజి ఉపాయము కలదు. కిలో మైదాను అయిదు లీటర్ల నీటిలో ఉడికించి, చల్లార్చి, ఇరువది లీటర్లకు పలుచన చేసి, మబ్బు లేని దినమున చల్లినచో, ఎండిన గంజిపొరతో మసియు పెచ్చులుగా ఊడిపడును.

తామరపురుగులు కంటికి కనబడీ కనబడనంత సన్ననివి. లేత ఆకును, పిందె తోలును గీరి రసము త్రాగును. ఆకు ముడుచుకొనును, పిందెపై గరుకు మచ్చ కాయ పెరిగినకొలది పెరుగును, అట్టి కాయకు బజారులో ధర లేదు. పూగుత్తిని తెల్లకాగితముపై తట్టి చూచినచో తెలియును. ఎక్కువగా నున్నచో స్పైనోసాడ్ లీటరునకు 0.3 మి.లీ. చాలును, దానిని సాయంకాలము, ఈగలు మఱలిన పిదపనే చల్లవలెను.

మా పొరపాటు

ఇది చెప్పుటకు మాకు హక్కు కలదా యని అడుగువారికి మా పొరపాటునే ముందుగా చెప్పుచున్నాము. కొన్ని ఏండ్లక్రిందట మా తోటలో పూత నిండుగా విరిసెను. ఒక మందుల దుకాణమువారు మూడు సీసాలిచ్చి, మూడును కలిపి వెంటనే చల్లుడనిరి. లెక్క చూడలేదు, చీటీ చదువలేదు. నిండుపూతలో చల్లితిమి. మఱునాడు తోటలో పురుగు లేదు, ఈగయు లేదు. ఆ నిశ్శబ్దమును చూచి సంతోషించితిమి. మూడువారములకు పూగుత్తులు ఎండి పుల్లలై నిలిచినవి. పిందె అక్కడక్కడ మాత్రమే కట్టినది. పూతను చూచి ధర పలికిన గుత్తదారుడు మఱల రాలేదు. మందుల బాకీ మాత్రము వచ్చినది.

వాతావరణమునకును అందులో భాగముండవచ్చును. కాని మామిడిపూత సంగతి అప్పటికి మాకు తెలియదు. ఒక గుత్తిలో వందలకొలది పూవులున్నను వానిలో చాల భాగము మగపూవులు. కాయ కాగలవి కొన్నియే. ఆ కొన్నిటికి పుప్పొడిని చేర్చువి ఈగలు, చిన్న తేనెటీగలు. వానిని చంపి కాయలను కోరుట, పురోహితుని వెడలగొట్టి పెండ్లి జరుగలేదని వగచుట వంటిది. నాటినుండి పూవు విచ్చినది మొదలు పిందె నిలుచువఱకు మేము పిచికారి యంత్రమును తాళమువేసి ఉంచుచున్నాము.

నల్లి పురుగు కాదు

మొయినాబాదు, చేవెళ్ళ గులాబితోటలవారును, నీడగుడారములలో జెర్బెరా పెంచువారును ఈ భాగమును శ్రద్ధగా చదువగోరెదము. పురుగునకు ఆఱు కాళ్ళు; నల్లికి ఎనిమిది. అది సాలెపురుగు వంశమునకు చెందినది. కావున పురుగును చంపు మందులన్నియు నల్లిని చంపవు. ఇమిడాక్లోప్రిడ్ నల్లిపై పనిచేయదు. సరికదా, దానిని గాని పైరిత్రాయిడ్ మందులను గాని పదేపదే వాడిన తోటలలో నల్లి పెరుగుట అనేక దేశములలో గమనింపబడినది. ఆపిలుతోటల డి.డి.టి. కథయే మఱల మన గులాబిపై జరుగుచున్నదన్నమాట.

ఎఱ్ఱనల్లి ఆకు అడుగున సన్నని గూడల్లి రసము పీల్చును. ఆకుపై లేత పసుపు చుక్కలు, ఆ పిమ్మట రాగిరంగు కనబడును. మామిడిలో నొక నల్లి ఆకు పైభాగముననే యుండి త్రుప్పురంగు తెచ్చును. అనుమానమైనచో ఆకును తెల్లకాగితముపై తట్టి, కదలు చుక్కలను వ్రేలితో రాయవలెను. ఎఱ్ఱని గీత పడినచో నల్లియే. పదిరెట్లు చూపు భూతద్దమొకటి జేబులో నుండుట మేలు. ఎండ ముదిరి గాలి పొడిబారినప్పుడు గ్రుడ్డునుండి పెద్దదగుటకు దీనికి వారము పది దినములు చాలును. కావున మాఘమాసములోనే, చుక్కలు మొదలైన మొదటి వరుసలోనే పట్టవలెను.

చేయవలసినది ఇది. ముదిరిన ఆకులను కోసి సంచిలో వేసి తోట వెలుపల కాల్చవలెను. దారి దుమ్ము ఆకులపై చేరకుండ నీరు చల్లవలెను. ప్రాతఃకాలమున నీటిధారను ఆకు అడుగుభాగమునకు తగులునట్లు కొట్టవలెను; దీనితోనే చాల నల్లి రాలిపోవును. పిదప వేపనూనె గాని, దానికి బదులుగా గంధకము గాని వాడవలెను. ఇంకను తగ్గనిచో, చీటీపై నల్లికనియు ఆ పంటకనియు వ్రాసియున్న నల్లిమందును ఒక్కమారు వాడి, మఱుమారు వేఱు జాతి మందును వాడవలెను. పూర్వము చాలమంది నమ్మిన డైకోఫాల్‌ను కేంద్రప్రభుత్వము 2023 లో నిషేధించినది. పాత సీసాలున్నను వాడరాదు.

నీరు పల్లమెఱుగును

మన భూములకు ఒక ప్రత్యేకత యున్నది. 1908 మూసీ వఱదల పిమ్మట కట్టిన గండిపేట ఉస్మాన్‌సాగరు 1920 లోను, హిమాయత్‌సాగరు 1927 లోను పూర్తియైనవి. మన వాననీరు పారునది ఆ చెఱువులకే. వానిని కాపాడుటకై 1996 మార్చి 8న ప్రభుత్వము 111 వ ఉత్తర్వు నిచ్చి 84 గ్రామములపై కట్టడి విధించెను. 2022 లో 69 వ ఉత్తర్వుచే దానిని సడలించిరి. ఉత్తర్వులు మాఱవచ్చును గాని నీరు పాఱు దిక్కు మాఱదు. మనము వాగుఒడ్డున కడిగిన మందుడబ్బా మొదట మన బావిలోనికి, పిదప పల్లపువారి కడవలోనికి చేరును.

కావున ఖాళీ సీసాను మూడుమారులు కడిగి ఆ నీటిని పిచికారి తొట్టిలోనే పోయవలెను. సీసాకు చిల్లుపొడిచి వేఱుగా ఉంచవలెను. చీటీపై ఎఱ్ఱ త్రికోణమున్నది మిక్కిలి విషము. పసుపు, నీలము, ఆకుపచ్చ క్రమముగా తక్కువ. చేతితొడుగు, ముక్కుగుడ్డ లేక కూలివానిని మందు చల్లుటకు పంపరాదు. అతనికిని ఇంటివద్ద బిడ్డలు కలరు. కోతకు ముందు చీటీలో చెప్పిన దినములు ఆగవలెను.

సంఘముగా చేయవలసిన పని

తేనెమంచు పురుగునకు గట్టులేదు, సర్వే నంబరు లేదు. ఒకడు మొగ్గదశలో చల్లి, పొరుగువాడు పిందెదశలో చల్లినచో, పురుగు ఈ తోటనుండి ఆ తోటకు, ఆ తోటనుండి ఈ తోటకు చుట్టపుచూపుగా తిరుగుచునేయుండును. కావున సంఘసభ్యులు గ్రామమువారీగా కూడి, లెక్కపుస్తకములను ఎదుట పెట్టుకొని, అవసరమైన తోటలన్నిటిలోను ఒకే వారమున మొదటి చల్లకమును ముగింపవలెనని కోరుచున్నాము. వేపగింజలను వేసవిలో ఉమ్మడిగా సేకరించుట, మందును ఒకేమారు రసీదుతో కొనుట, బలమైన పిచికారి యంత్రమును వంతులవారీగా వాడుకొనుట ఏ ఒక్కనికి భారముకాని పనులు. ఒక్కడు కొన్నచో అప్పు. పదిమంది కొన్నచో పెట్టుబడి.

సందేహమున్నచో సంగారెడ్డి ఫలపరిశోధన స్థానమువారును, హయత్‌నగరు కృషి విజ్ఞాన కేంద్రమువారును, మిత్రపురుగుల పెంపకమును నేర్పు రాజేంద్రనగరు జాతీయ వృక్షారోగ్య సంస్థవారును మనకు దూరములో లేరు. పురుగు పట్టిన రెమ్మను సంచిలో వేసికొనిపోయి చూపి అడుగుట సిగ్గుపడవలసిన పని కాదు.

చేతులు కాలిన పిదప ఆకులు పట్టుకొనుట మన కలవాటైనది. ఈ యేడైనను, మొగ్గ విచ్చకముందే, ఒక ఉదయము కాగితమును కలమును పట్టుకొని తోటలో నలువది గుత్తులను లెక్కింపుడు. ఖర్చు లేని పని అది. తక్కిన ఖర్చులన్నిటిని అదియే నిర్ణయించును.